నరసింహకొండ మీద సూర్యోదయం: గైడ్‌తో చీకటి నడక ఎలా చేయాలి

చలి మొదలైతే చాలు, నెల్లూరులో ఈ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొండ మీద సూర్యోదయం చూడాలంటే ఎన్నింటికి బయలుదేరాలి? గైడ్ నిజంగా కావాలా, మనమే పోవచ్చా? పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లొచ్చా? ఆడవాళ్లం నలుగురం కలిసి వెళ్తే ఇబ్బంది ఉంటుందా? అందరికీ పనికొచ్చేలా మొత్తం ఒక వరసలో రాస్తున్నాను.

ఉదాహరణకి నరసింహకొండను తీసుకున్నాను. నెల్లూరుకి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్న దక్షిణపు ఒడ్డున ఉంటుంది. పైన వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి. వాహనాలు పోయే ఘాట్ రోడ్డు కూడా ఉంది కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి కొండ దగ్గరలో లేదు. పైగా ఊరు కొండకి తూర్పున ఉంది. తెల్లారకముందు నెల్లూరు దీపాలు, ఆ తర్వాత అదే వైపు నుంచి సూర్యుడు, కింద పెన్న, పొలాలు. ఒక్కచోట నిలబడి ఇన్ని చూడొచ్చు. ఉదయగిరి, ఒంగోలు గురించి చివర్లో చెప్తాను.

కావలసినవి

- తలకి కట్టుకునే టార్చ్, మనిషికొకటి. గుంపులో కనీసం ఒక చేతి టార్చ్ అదనంగా. ఫోన్ లైటు లెక్కలోకి రాదు. చేతిలో ఫోన్ ఉంటే జారినప్పుడు ఆసరాకి చెయ్యి ఖాళీ ఉండదు, పైకి చేరేసరికి బ్యాటరీ సగం అయిపోతుంది.
- వేళ్లు, మడమ పూర్తిగా మూసే బూట్లు. అడుగున గాళ్లు అరిగిపోకూడదు. హవాయి చెప్పులు, శాండిళ్లు వద్దు.
- ఫుల్ ప్యాంటు, పొడుగు సాక్సులు. లుంగీ, షార్ట్స్, నేలకి జీరాడే దుపట్టా చీకట్లో ప్రమాదం.
- మనిషికి లీటరు నీళ్లు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- అరటిపండు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం లాంటివి. నూనె టిఫిన్లు దిగాక తినండి.
- పలచటి స్వెటర్ లేదా విండ్‌చీటర్. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన గాలికి అదే చెమట వణికిస్తుంది.
- చేతి కర్ర. వెదురుదైనా చాలు.
- చిన్న ప్రథమ చికిత్స సంచి: క్రేప్ బ్యాండేజ్, యాంటీసెప్టిక్, బ్యాండ్ ఎయిడ్లు, మీరు రోజూ వేసుకునే మందులు.
- చెత్త వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి. పాలిథీన్ కవరు కనబడితే కోతులు వదలవు.

1. ముందు నెల, తర్వాత రోజు చూసుకోండి

మన జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాన్లూ అప్పుడే. ఆ రోజుల్లో రాళ్ల మీద నాచు పడుతుంది, తూర్పు దిక్కంతా మబ్బు. మంచి కాలం సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. మార్చి చివరి వరకూ పర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో సూర్యోదయం బాగానే ఉంటుంది కానీ ఎనిమిదికల్లా ఎండ చురుక్కుమంటుంది, దిగడం కష్టమవుతుంది.

జనవరిలో ఒక చిక్కు ఉంది, మంచు. పెన్న మీద కమ్ముకున్న మంచు కొన్ని రోజులు అసలు వీడదు. సూర్యుడు కనబడకపోవచ్చని గుంపులో అందరికీ ముందే చెప్పండి. లేకపోతే కష్టపడి తీసుకొచ్చిన మీ మీదే విసుక్కుంటారు.

మొదటిసారి అయితే పౌర్ణమి నుంచి మరో నాలుగైదు రోజుల లోపు వెళ్లండి. ఆ రోజుల్లో తెల్లవారుజామున చంద్రుడు పడమటి ఆకాశంలో ఉంటాడు, దారి కాస్తో కూస్తో కనబడుతుంది. అమావాస్య దగ్గర్లో కొత్తవాళ్లని తీసుకెళ్లొద్దు. శనివారాలు, స్వాతి నక్షత్రం రోజులు భక్తులతో రద్దీగా ఉంటాయి. ప్రశాంతంగా చూడాలనుకుంటే వేరే రోజు ఎంచుకోండి.

2. దారిని పగలు ఒకసారి చూసి రండి

చాలామంది వదిలేసే పని ఇదే. చీకట్లో మొదటిసారి చూసే దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ అంచు ఉందో తెలియదు. వారం లోపు ఒక సాయంత్రం దర్శనానికి వెళ్లినట్టు వెళ్లి, నడుచుకుంటూ ఎక్కి దిగండి. ఎక్కడానికి పట్టిన సమయం రాసుకోండి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో, మళ్లీ ఎక్కడ వస్తుందో చూసుకోండి. పైన తూర్పు వైపు ఏ అడ్డూ లేకుండా, అంచుకి కనీసం పది అడుగుల ఇవతల, అందరూ కూర్చోగలిగే చోటు ఒకటి గుర్తుపెట్టుకోండి.

గుడి వాళ్లకీ ఆ సాయంత్రమే ఒక మాట చెప్పండి: ఫలానా రోజు తెల్లవారుజామున ఇంతమందిమి వస్తున్నాం అని. చీకట్లో కొండ మీద టార్చ్ లైట్లు కదులుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందే తెలిస్తే వాళ్లే మనకి అండ.

మ్యాప్‌లో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. జొన్నవాడ కామాక్షమ్మ గుడీ నరసింహకొండా పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ నడుమ పెన్న ఉంది. జొన్నవాడ అవతలి ఒడ్డు, కొండ ఇవతలి ఒడ్డు. కొండకి దగ్గరే కదా అని జొన్నవాడ పేరు పెట్టుకుని బయలుదేరితే తెల్లారేసరికి ఏటికి అవతల ఉంటారు.

3. గైడ్‌ని మాట్లాడుకోండి

ఘాట్ రోడ్డు మీదే నడిచి వెళ్లేవాళ్లకి గైడ్ తప్పనిసరి కాదు, తోడు ఉంటే మంచిది. రోడ్డు వదిలి కాలిదారిన ఎక్కాలనుకున్నా, కొండ మీది కోనేర్ల వైపు వెళ్లాలనుకున్నా, గుంపులో సగం మంది కొత్తవాళ్లయినా గైడ్ ఉండి తీరాలి.

బోర్డు పెట్టుకుని కూర్చున్న గైడ్లు ఇక్కడ దొరకరు. కొండ కింది ఊళ్లో మేకలు కాసేవాళ్లు, గుడికి రోజూ సరుకు మోసేవాళ్లు, చిన్నప్పటి నుంచి కొండ మీద తిరిగిన కుర్రాళ్లు, వీళ్లే మనకి గైడ్లు. పగలు దారి చూడటానికి వెళ్లినప్పుడే టీ కొట్టు దగ్గర అడగండి. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరి నోట కూడా వస్తే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి.

మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ అడగండి:

- చీకట్లో చివరిసారి ఎప్పుడు ఎక్కావన్నా?
- దారిలో కష్టమైన చోటు ఏది?
- ఎవరికైనా మధ్యలో చేతకాకపోతే ఎక్కడి నుంచి వెనక్కి తిప్పుతావు?
- వాన పడితే ఏం చేద్దాం?

జవాబులు జాగ్రత్తగా వినండి. అన్నింటికీ "ఏం కాదు సార్, నేనున్నా కదా" అనేవాళ్లని నేను తీసుకెళ్లను. "ఆ మలుపు కాడ గులకరాళ్లు ఉంటాయి, జారుద్ది, అక్కడ ఒక్కొక్కరే రావాల" అని చెప్పేవాళ్లకి దారి కళ్ల ముందు ఉన్నట్టే. అలాంటి మనిషి దొరికితే వదలొద్దు.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి. గుంపు మొత్తానికి ఇంత అని, రాను పోను కలిపి. దాంతోపాటు ఇంకో మాట తప్పకుండా చెప్పండి: "వాన వచ్చినా, మంచు పట్టినా, నువ్వు వద్దని మధ్యలో వెనక్కి తిప్పినా, అనుకున్న డబ్బు మొత్తం ఇస్తాం." ఈ ఒక్క మాటతో నడక సగం భద్రమవుతుంది. పైకి చేరిస్తేనే డబ్బు అంటే, ఆ మనిషి మనసులో భయం ఉన్నా నడిపించేస్తాడు. కూలీ పోతుందన్న బెంగ లేకపోతేనే వద్దు అని చెప్పగలుగుతాడు. గైడ్‌కి మనం డబ్బిచ్చేది ముఖ్యంగా ఆ వద్దు అనే మాట కోసమే.

వయసులో పెద్దయితే అన్నా అనో, పెద్దాయనా అనో పిలవండి. మీలో ఎంత చదువుకున్నవాళ్లున్నా కొండ మీద ఆయన మాటే చెల్లాలి. ఈ సంగతి గుంపులో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఎనిమిది మందికి ఒక గైడ్ చాలు. అంతకు మించితే రెండో మనిషిని అడగండి. ఆడవాళ్లు మాత్రమే వెళ్తుంటే గైడ్ పేరు, ఫోన్ నంబరు, ఫోటో ఇంట్లో వాళ్లకి పంపండి, లైవ్ లొకేషన్ పెట్టండి. గైడ్ ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా తోడు వస్తామంటే ఇంకా మంచిది. వాళ్లకీ ఇవ్వాల్సింది ఇవ్వండి.

4. టైమ్ వెనక నుంచి లెక్కపెట్టండి

"నాలుగింటికి లేద్దాం" అని మొదలుపెడితే లెక్క కుదరదు. సూర్యోదయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. నెల్లూరులో సూర్యోదయం సుమారుగా ఇలా ఉంటుంది:

- నవంబరు మధ్యలో 6:10
- డిసెంబరు చివర 6:35
- జనవరి రెండో సగంలో 6:40కి కాస్త ఇటు
- ఫిబ్రవరి చివర 6:27
- మార్చి చివర 6:05
- జూన్ మొదట్లో 5:40

డిసెంబరు 21, 22 దాటితే పొద్దు తొందరగా పొడుస్తుందని చాలామంది అనుకుంటారు. పగలు పొడుగవడం నిజమే కానీ, సూర్యోదయం మాత్రం జనవరి 20 దాటేదాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అసలైన రంగులు సూర్యుడు రాకముందే వస్తాయి. సూర్యోదయానికి 20, 25 నిమిషాల ముందు నేల కనబడేంత వెలుగు వస్తుంది. దానికీ ముందు, తూర్పున సన్నటి ఎర్ర గీత, కింద ఊరి దీపాలు, రెండూ కలిసి కనిపించే కొద్ది నిమిషాలు ఉంటాయి. అది తప్పిపోకూడదంటే సూర్యోదయానికి 40 నిమిషాల ముందే పైన ఉండాలి.

లెక్క ఇలా వేయండి. జనవరి చివర్లో ఒక రోజు, సూర్యోదయం 6:39. పైన ఉండాల్సింది 6:00. పగలు ఎక్కడానికి 40 నిమిషాలు పట్టిందనుకుందాం. చీకట్లో దానికి సగం కలపండి, గంట. అంటే 5:00కి నడక మొదలు. కింద సర్దుకోవడానికి పావుగంట, 4:45కి కొండ దగ్గర ఉండాలి. నెల్లూరు నుంచి చీకటి రోడ్డు మీద నిదానంగా రావడానికి 40 నిమిషాలు. 4:05కి బండి కదలాలి. అలారం 3:20కి.

ఆ వేళప్పుడు బస్సుని నమ్ముకోవద్దు. సొంత బండి, లేదా ముందు రోజే మాట్లాడుకున్న ఆటో. ఆటో అయితే రాను పోను కలిపి మాట్లాడండి, మీరు దిగేదాకా అతను కిందే ఉండాలి.

5. ముందు రోజు రాత్రి

తొమ్మిదికల్లా పడుకోండి. ఇది సలహాగా కాదు, షరతుగా పెట్టుకోండి. నిద్రలేని మనిషి ఎక్కేటప్పుడు బాగానే ఉంటాడు, దిగేటప్పుడు తడబడతాడు, బండి నడిపేటప్పుడు తూలుతాడు.

టార్చ్‌ని వెలిగించి చూడండి, గదిలో లైట్లు ఆర్పి పది నిమిషాలు వదిలేయండి. వెలుగు తగ్గితే బ్యాటరీలు మార్చండి. కొత్త బూట్లతో రావద్దు, కనీసం వారం తొడిగి తిరిగినవై ఉండాలి. వాతావరణ శాఖ హెచ్చరిక ఒకసారి చూడండి. ఉరుములు, మెరుపులు అని ఉంటే అప్పుడే గైడ్‌కి ఫోన్ చేసి మానేయండి. కొండ ఎక్కడికీ పోదు.

బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు వస్తుంటే డాక్టర్‌ని అడిగాకే. షుగర్ ఉన్నవాళ్లు పరగడుపున ఎక్కకూడదు. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బండి మీద ఘాట్ రోడ్డున పైకి పంపండి. వాళ్లూ అదే సూర్యోదయం చూస్తారు. నడవలేదన్న చిన్నతనం వాళ్లకి రాకుండా చూడటం మన పని.

6. కొండ కింద

దిగీ దిగగానే నడక మొదలుపెట్టొద్దు. బండి లైట్లు ఆర్పి, ఐదు నిమిషాలు చీకట్లో నిలబడండి, కళ్లు అలవాటు పడతాయి. సగం అరటిపండు, రెండు గుక్కల నీళ్లు. మడమలు, మోకాళ్లు కాస్త కదిలించండి.

ఇప్పుడు వరస. ముందు గైడ్, ఆయన వెనక గుంపులో అందరికంటే నిదానంగా నడిచే మనిషి, అందరికంటే చివర దారి చూసి వచ్చిన బలమైన మనిషి. నిదానంగా నడిచేవాళ్లని చివర పెట్టడం మామూలుగా జరిగే తప్పు. వాళ్లు అందుకోవాలని పరుగెత్తి అలసిపోతారు, ముందువాళ్లు ఆగిన ప్రతిసారీ వాళ్లు చేరేలోపే మళ్లీ కదులుతారు. ఒక్కొక్కరికీ ఒక అంకె ఇవ్వండి. ఎక్కడ ఆగినా ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పాలి. ఒక్క అంకె వినబడకపోయినా కదలొద్దు.

7. ఎక్కడం

మొదటి పది నిమిషాలు మీకు మరీ నిదానం అనిపించేలా నడవండి. సరైన వేగమా కాదా తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు.

టార్చ్ వెలుగు ముందు మనిషి మడమ వెనక నేల మీద పడాలి, వీపు మీద కాదు. మాట్లాడటానికి తల తిప్పితే తలకున్న లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, కొన్ని క్షణాలు వాళ్లకేమీ కనబడదు. తల తిప్పేముందు చేత్తో లైటు మూసుకోండి.

మంచి గైడ్ ఎలా నడుస్తాడో వెనక నుంచి గమనించండి. అడుగు పెట్టబోయే రాయిని ముందు కర్రతో తడతాడు. ఒకసారి తట్టి ఊరుకోడు, అంచు దగ్గర ఇంకోసారి తడతాడు. రాయి కదిలితే అందులోంచి వచ్చే చప్పుడు వేరు. అప్పుడు ఏమీ మాట్లాడకుండా కర్రని ఆ రాయి మీద ఆనించి, వెనక మనిషి దాటేదాకా అక్కడే నిలబడతాడు. కర్రతో అలా తట్టడం వల్ల పాములు కూడా తప్పుకుంటాయి. మీరూ అలాగే చేయండి. రాళ్ల సందుల్లో, పొదల్లో చెయ్యి పెట్టకండి. పాములతో పాటు తేళ్లు కూడా ఉంటాయి. కూర్చోవాలంటే టార్చ్ వేసి చూసి కూర్చోండి.

ఇరవై నిమిషాలకొకసారి రెండు నిమిషాలు ఆగండి. అంతకంటే ఎక్కువసేపు ఆగితే ఒళ్లు చల్లబడిపోతుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగండి.

పాటలు, బ్లూటూత్ స్పీకర్లు వద్దు. ఇది గుడి ఉన్న కొండ అన్నది ఒకటి, వెనకవాళ్ల పిలుపు వినబడాలన్నది ఇంకొకటి. అంతకంటే ముఖ్యంగా, ఆ వేళ వినాల్సినవి వేరే ఉన్నాయి. ధనుర్మాసంలో వెళ్తే కింది పల్లెల్లో గుళ్ల మైకులు ఒక్కొక్కటే మొదలవుతాయి. ఒక ఊరి పాట సన్నగిల్లుతుండగా ఇంకో ఊరిది అందుకుంటుంది.

రాళ్లకి తేనెపట్లు ఉండొచ్చు. సెంటు పూసుకుని రావద్దు, సిగరెట్, మంట, టపాసులు అసలే వద్దు. తేనెటీగలు లేస్తే మొహం, మెడ గుడ్డతో కప్పుకుని వచ్చిన దారిలోనే వెనక్కి దిగాలి.

ఇద్దరికి తల తిరిగినా, ఒకరికి ఛాతీలో పట్టేసినా, మెరుపు కనబడినా, గైడ్ వద్దన్నా, అక్కడితో ఆపేయండి. ఒక మనిషి ఆగిపోతే ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి పోకూడదు. ఇద్దరు తోడు ఉండాలి, లేదా అందరూ దిగాలి. ఒకరు ఆయాసపడుతూ "మీరు పోండి, నేను ఇక్కడే ఉంటా" అన్నప్పుడు సరే అనేయడం చాలా సులువు. అనకండి.

8. పైన

చేరగానే స్వెటర్ వేసుకోండి, చలి వేసేదాకా ఆగొద్దు. అంకెలు ఇంకోసారి చెప్పించండి.

తూర్పు ఎటో ఊహించుకోకండి, ఫోన్‌లో దిక్సూచి చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, దక్షిణం వైపు 20 డిగ్రీలకు పైగా జరిగి వస్తాడు. జూన్‌లో అంతే ఉత్తరానికి. ఈ తేడా తెలియక, ఏ చెట్టూ అడ్డులేని చోటు పట్టుకున్నామనుకుని చివరికి చెట్టు వెనక సూర్యోదయం చూసేవాళ్లు ఉంటారు.

ఫోటో తీసేవాళ్లకి ఒక్క మాట. స్క్రీన్ మీద ఆకాశం దగ్గర వేలితో నొక్కి పట్టుకుని, వెలుగు గుర్తుని కిందికి లాగండి. లేకపోతే ఫోన్ నేలని చూపించాలని ఆకాశాన్ని తెల్లగా చేసేస్తుంది. సరిగ్గా వచ్చిందా లేదా చూడటానికి ఫోటోని పెద్దది చేసి సూర్యుడి చుట్టూ చూడండి. నారింజ రంగు కనబడాలి, తెల్లటి మచ్చ ఉంటే ఇంకొంచెం తగ్గించి తీయండి. ఊరి దీపాల ఫోటోకి ఫోన్‌ని రాయికి ఆనించి టైమర్ పెట్టండి. సూర్యుడు పైకి వచ్చాక బైనాక్యులర్స్‌తో అటు చూడకండి, కళ్లు పోతాయి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి. వెనక్కి జరగాలంటే ముందు తిరిగి చూసి జరగండి. కొండల మీద ఆ ఒక్క అడుగుతోనే ఘోరాలు జరుగుతాయి.

మంచులో సూర్యుడు చెప్పిన టైమ్‌కి కనబడడు. ఐదు, పది నిమిషాలు ఆలస్యంగా, నేల గీతకి కాస్త పైన, ఎర్రటి బిళ్ల బయటపడుతుంది. 6:40 అయింది, ఇంకేం రాదు అని సర్దుకోవద్దు. పావుగంట కూర్చోండి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఏ తెల్లవారుజామున ఉందో కూడా చూసుకోండి. 2022 ఫిబ్రవరి 14న పీఎస్ఎల్వీ-సీ52 ఉదయం 5:59కి, 2025 జనవరి 29న జీఎస్ఎల్వీ-ఎఫ్15 ఉదయం 6:23కి ఎగిరాయి. రెండూ మనకి సూర్యోదయం కాకముందే. అలాంటి రోజు దొరికితే, ఆకాశం తేటగా ఉంటే, దక్షిణానికి కాస్త తూర్పుగా చూడండి. ఇది నెల్లూరు వాళ్లకి దొరికిన అదృష్టం, వాడుకోకపోతే నష్టం మనదే.

గుడి తెరిచాక దర్శనం చేసుకుని దిగేవాళ్లు బూట్లు వదిలే చోట ఒకరిని కాపలా ఉంచండి, కోతులున్నాయి. తాగి రావడం, మాంసాహారం తేవడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

9. దిగడం

కాళ్లు మెలికపడేవి, మోకాళ్లు పట్టేసేవి ఇక్కడే. సూర్యోదయం చూసేశాం, ఇక ఇంటికే అన్న తొందర అందరికీ ఉంటుంది. లేస్తూనే బూట్ల లేసులు విప్పి మళ్లీ బిగించి కట్టుకోండి. పాదం ముందుకి జారితే బొటనవేలి గోరు నలిగిపోతుంది. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు కొంచెం వంచి ఉంచండి, కర్ర ముందు పెట్టి తర్వాత కాలు పెట్టండి. మంచు తడి ఉన్న నున్నటి బండ మీద పక్కవాటంగా దిగాలి. గులకరాళ్లున్న చోట మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంచండి, ఒకరు జారితే ఇంకొకరి మీద పడతారు.

పిల్లలు పరుగెత్తుతారు. చెయ్యి పట్టుకోవాల్సింది ఎక్కేటప్పటికంటే ఇప్పుడే.

ఏదైనా జరిగితే

కాలు మడత పడితే బూటు వెంటనే విప్పొద్దు, వాపు వచ్చి మళ్లీ ఎక్కదు. బూటు మీదుగానే క్రేప్ బ్యాండేజ్ చుట్టి, ఇద్దరి భుజాల మీద ఆనించి, ఘాట్ రోడ్డు దాకా తెచ్చి బండి ఎక్కించండి.

పాము కాటేస్తే ఆ మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టండి. ఉంగరాలు, పట్టీలు, వాచీ తీసేయండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కాటు పడిన టైమ్ రాసుకోండి, 108కి ఫోన్ చేయండి, మోసుకుని దించండి. పాముని చంపి తీసుకెళ్లాలని వెతకొద్దు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనదే. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. ఏమీ లేదు కదా అని ఇంటికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం ఉన్నా సరే, నెల్లూరు పెద్దాసుపత్రికే.

సరిగ్గా చేశామా అని చూసుకోవడం ఎలా

కిందికి చేరాక ఈ నాలుగూ చూడండి. వెళ్లినంతమంది ఉన్నారా? సీసాలో నీళ్లు అలాగే మిగిలిపోయాయా? మిగిలితే తక్కువ తాగినట్టే, ఇప్పుడు తాగండి, మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఓఆర్ఎస్ కలుపుకోండి. పైకి తీసుకెళ్లిన చెత్త అంతా సంచిలో తిరిగి వచ్చిందా? మీరు రాసుకున్న టైమ్‌కి, నిజంగా చేరిన టైమ్‌కి తేడా ఎంత? తేడా పావుగంట దాటితే తర్వాతిసారి లెక్కలో అది కలుపుకోండి.

మర్నాడు తొడలు పట్టేస్తే మామూలే, రెండు రోజుల్లో పోతుంది. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి ఉన్నా, వాచినా దిగేటప్పుడు అడుగులు పెద్దవిగా వేసి ఉండొచ్చు. అది తగ్గేదాకా ఇంకో కొండ పెట్టుకోవద్దు.

గైడ్‌కి అనుకున్న డబ్బు చేతికిచ్చి, టిఫిన్ మీతోనే చేయించండి. మీరు తడబడిన చోట్లు ఏవో ఆయన్నే అడగండి. కారం దోసె ముందు పెట్టుకుని ఆయన చెప్పే మాటలు ఏ యాప్‌లోనూ దొరకవు. బండి నడిపే మనిషికి ఆవలింతలు వస్తుంటే అరగంట పడుకోనివ్వండి, తర్వాతే బయలుదేరండి.

ఒంగోలు వాళ్లకి, ఉదయగిరి అడిగేవాళ్లకి

ఒంగోలులో ఊరి మధ్యనే కొండ ఉంది, ప్రసన్న చెన్నకేశవస్వామి గుడి ఉన్న కొండ. చిన్నది, దగ్గర. సూర్యోదయం టైమ్‌లో నెల్లూరుకి పెద్ద తేడా లేదు. పైన చెప్పిన పద్ధతి అంతా అక్కడ ఒకసారి సాధన చేసి, తర్వాత పెద్ద కొండల జోలికి వెళ్లండి.

ఉదయగిరి వేరే లెక్క. దుర్గం ఉన్న కొండ ఎత్తు 3,079 అడుగులు. 1513లో మొదలుపెట్టిన ముట్టడి 1514లో గానీ ముగియలేదు, ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి ఆ కోటని తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకే ఏడాదిన్నర పట్టింది. అంత దుర్గమమైన కొండ అది. ముళ్లపొదలు, విరిగిన మెట్లు, శిథిలాల మధ్య చీలిపోయే కాలిదారులు ఉంటాయి. వెలిగొండ అడవుల్లో ఎలుగుబంట్లు తిరిగేది కూడా తెల్లవారుజామునే. అక్కడ చీకట్లో పై దాకా ఎక్కడం నేను ఎవరికీ చెప్పను, గైడ్ ఉన్నా సరే. ముందు రోజు సాయంత్రమే ఊరు చేరి రాత్రి అక్కడే ఉండండి. అటవీ శాఖ వాళ్లని అడిగి, గైడ్‌ని మాట్లాడుకోండి. సూర్యోదయం కొండ పాదం దగ్గర తెరిపిగా ఉన్న చోట చూసి, వెలుగు బాగా వచ్చాక ఎక్కడం మొదలుపెట్టండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నానికి తిండి మోసుకెళ్లాలి. ఎండ ముదిరేలోపు దిగడం మొదలు కావాలి. పై దాకా చేరకపోయినా పదకొండుకి వెనక్కి తిరగాలని గైడ్‌తో ముందే అనుకోండి, ఆయన తిరుగుదాం అంటే ఎందుకని అడగకుండా తిరగండి. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గర ఆగండి. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న పనితనం అది, బేరమాడకుండా కొనండి.